యాభై అయిదు శాతం

సువర్చలకి మనుషుల మీద కన్నా బ్యాటరీల మీద నమ్మకం ఎక్కువ. ల్యాబ్‌లో అందరూ వెనకాల అనుకునే ఈ మాట ఒకసారి ఎవరో ఆమె ముందే అనేశారు. "అవును. బ్యాటరీ మోసం చేసే ముందు పొంగి చెబుతుంది. మనిషికి ఆ మర్యాద కూడా లేదు" అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె హాస్యానికి నవ్వితే ఒక తంటా, నవ్వకపోతే ఇంకో తంటా.

విశాఖపట్నంలో, మధురవాడ కొండ వెనకాల 'నిలకడ ల్యాబ్స్' అనే రెండంతస్తుల భవనం ఉంది. అందులో ఆమె పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే, ల్యాప్‌టాప్ బ్యాటరీని చావకుండా చూడడం. జనం వెంట తిప్పుకోవడానికని ల్యాప్‌టాప్ కొంటారు. కొన్న నెల్లాళ్ళకి దాన్ని పెద్ద మానిటర్‌కి తగిలించి బల్ల మీద పాతేస్తారు. మానిటర్ నుంచి వచ్చే ఒక్క కేబులే బొమ్మనీ మోస్తుంది, కరెంటునీ పోస్తుంది. బ్యాటరీ రోజంతా నూరు శాతం నిండి ఉంటుంది. కడుపు నిండినవాడికి వడ్డిస్తూనే ఉంటే ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. రెండేళ్ళు తిరక్కుండా పొట్ట పొంగి కీబోర్డుని పైకి నెడుతుంది.

ఎనభై దగ్గర ఆపండి చాలు అని లోకమంతా అంటుంటే, ఎనభై కూడా ఎక్కువే అని సువర్చల దెబ్బలాడింది. ఆమె తయారుచేసిన కొత్త బ్యాటరీ సెల్లుని యాభై అయిదు శాతం దగ్గర ఆపితే దానికి ముసలితనం రాదు. పదేళ్ళయినా కొత్తదే. చిక్కల్లా ఏమిటంటే, హఠాత్తుగా కేబుల్ పీకి బయటికి పోయే మనిషి చేతిలో సగం బ్యాటరీ పెడితే ఊరుకోడు. అంచేత మనిషి లేవబోతున్న సంగతి అది ముందే కనిపెట్టాలి, కనిపెట్టి నిండడం మొదలుపెట్టాలి. ఆ కనిపెట్టే ప్రోగ్రాముకి ఆమె 'కునుకు' అని పేరు పెట్టింది. మనిషి కూర్చున్నంతసేపూ బ్యాటరీ కునుకు తీస్తుంది. పోబోతున్నాడనగానే లేస్తుంది.

టైపింగ్ వేగం, మౌస్ తచ్చాట, గడియారం, బయటి ఎండ, గాలి, ఆ చోటి వైఫైలోకి ఏ ఫోన్ వచ్చింది, ఏది పోయింది, ఇలా నూట నలభై గుర్తులు దానికి అందుతాయి. వాటిలో ఏది ముఖ్యమో అదే తేల్చుకుంటుంది. అయితే నేర్పడానికి ఒక మనిషి కావాలి. రోజంతా మానిటర్ ముందు కూర్చుని, అప్పుడప్పుడూ ల్యాప్‌టాప్ పీకి పట్టుకుపోయేవాడు కావాలి. అలాంటివాడు సువర్చల ఇంట్లోనే ఉన్నాడు.

భర్త ఉదయ భాస్కర్ ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఇంట్లోనే పని. మూడేళ్ళపాటు అతను ల్యాప్‌టాప్ పీకి లేచిన ప్రతిసారీ ఆమె నీలం అట్ట పుస్తకంలో రాసింది. తేదీ, సమయం, ఎక్కడికి, ఎందుకు. "సా. 6-31. మేడ మీదికి. గాలి కోసం." ఇలా ఆరువందల పద్నాలుగు సార్లు. ఎందుకు అన్న గడి నింపడానికి అతన్ని అడగాలని ఆమెకి తోచలేదు. ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉండేవాడు గాలి కోసం కాక ఇంకెందుకు పోతాడు? ఆ పుస్తకమే కునుకుకి ఓనమాలు. దాంతో నూటికి తొంభై మూడు సార్లు సరిగ్గా చెప్పడం నేర్చుకుంది. ఆ నేర్చిన బుద్ధినే నకలు తీసి ల్యాబ్‌లో ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ పెట్టారు. అక్కడ అది ఎవరి అలవాట్లు వాళ్ళ దగ్గర నేర్చుకుంటూ పోతుంది.

సోమవారం పొద్దున్న చక్రపాణి పిలిచాడు. ల్యాబ్ ఆయనది. అరవై ఏళ్ళు, తెల్ల చొక్కా, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగలేని నాలుక. ఆయన గదిలో గోడకి కొత్త తెర వేలాడుతోంది. దాని మీద పాతిక గీతలు, గీతకో పేరు.

"ఇవేంటండీ?" అంది సువర్చల.

"నీ కునుకేనమ్మా. ఎవరి బ్యాటరీ ఎప్పుడు నిండుతోందో ఇక్కడ కనబడుతుంది. నువ్వే కదా మీటింగ్‌లో గొప్పగా చెప్పావు, కాళ్ళు కదిలేదాకా ఆగదు, మనసు కదలగానే పట్టుకుంటుందని. ఇదిగో, నూకరాజు గీత చూడు."

నూకరాజు సెల్లులు పరీక్షించే టెక్నీషియన్. అతని గీత రోజూ యాభై అయిదు దగ్గర బల్లపరుపుగా ఉండి, పదకొండు కొట్టేసరికి నిటారుగా లేస్తోంది. పావుగంటలో అతను ల్యాప్‌టాప్ పీకుతున్నాడు. గంట తరవాత మళ్ళీ తగిలిస్తున్నాడు. మూడు వారాలుగా ఇదే తంతు.

"పదకొండుకి స్టోర్‌లోకి దూరి తలుపేసుకుంటున్నాడు" అన్నాడు చక్రపాణి. "నీ సెల్లు తాలూకు కాగితాలన్నీ అక్కడే ఉన్నాయి. ఫోటోలు తీస్తున్నాడు. పోటీ కంపెనీకి పోతున్నాడు వెధవ. శుక్రవారం నాలుగింటికి పంపించేస్తాను. కునుకు చెప్పింది నమ్మదగ్గదేనని నువ్వొక కాగితం రాసి సంతకం పెట్టు. రేపు కోర్టుకెక్కితే నాకది కావాలి. దొంగతనం కింద రాస్తే ఇంకెక్కడా ఉద్యోగం దొరకదు వాడికి."

"శుక్రవారానికి ఇస్తాను" అంది సువర్చల. ఆమెకి అనుమానమే కలగలేదు. కోపం మాత్రం వచ్చింది, అదీ నూకరాజు మీద. తన పదకొండేళ్ళ చాకిరీని జేబులో పెట్టుకుపోతాడా?

ఆ సాయంత్రం ఆరూ అయిదుకి ఆమె స్కూటర్ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి వచ్చింది. ఆమె చోటులో ఎవరిదో బైకు ఉంది. వాచ్‌మన్‌ని పిలిచి అయిదు నిమిషాలు కడిగేసింది. ఇది రోజూ ఉండే కార్యక్రమమే. బైకు లేకపోతే నీళ్ళ మోటారు, అదీ కాకపోతే మెట్ల మీద చెత్త.

మొదటి అంతస్తులో తలుపు తీసేసరికి ఇల్లు అద్దంలా ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. తొమ్మిదేళ్ళ సాహితి పుస్తకం ముందు నిటారుగా కూర్చుంది. భాస్కర్ మానిటర్ ముందున్నాడు. తెర మీద ఒక మూలన కునుకు తాలూకు చిన్న ఆకుపచ్చ అంకె మెరుస్తోంది. పరిశీలనకని ఆమే పెట్టించింది. తను లేకపోయినా ఇల్లు ఇంత పద్ధతిగా నడుస్తోందంటే అది తన పెంపకమేనని సువర్చలకి గర్వం.

"వచ్చీసావా? టీ పెట్టనా?" అన్నాడు భాస్కర్.

"నిన్నటిలా కషాయం కాచకపోతే పెట్టు. అదేంటి, ఆ ప్లాన్‌లో వంటింటికి కిటికీ ఏదీ?"

"ఓనర్ వద్దన్నాడు."

"వాడు వద్దంటాడు, నువ్వు సరేనంటావు. పదిహేనేళ్ళయింది, నీ నోట్లోంచి కాదు అన్న మాట ఒక్కసారి వినలేదు నేను. వెన్నెముక ఉన్నవాడెవడైనా పొగ నిండే వంటిల్లు గీస్తాడా?" సాహితి వైపు తిరిగింది. "లెక్కల్లో ఎన్ని?"

"ఇరవైకి పదిహేడమ్మా."

"మిగతా మూడూ ఎవరికి దానం చేసావు?"

పిల్ల మానిటర్ మూల అంకెని ఒకసారి చూసి తల దించుకుంది. భాస్కర్ కేబుల్ పీకి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకున్నాడు.

"మేడ మీద గాలి బాగుంటుంది. కాసేపు అక్కడ చేసుకుంటాను."

"చూసావా, డెబ్భై ఒకటికి వచ్చేసింది! నువ్వు లేస్తానని నీకు తెలియకముందే దానికి తెలిసిపోయింది" అంది సువర్చల మురిసిపోతూ. అతను ఏదో అనబోయి, టీ గిన్నె స్టవ్ మీద ఉందని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె నీలం పుస్తకం తీసింది. కునుకు చదువు ఎప్పుడో పూర్తయినా రాసే అలవాటు పోలేదు. "6-28. మేడ మీదికి. గాలి కోసం."

బుధవారం పదకొండింటికి ఆమె కావాలనే స్టోర్‌కి వెళ్ళి తలుపు తోసింది. సెల్లులకోసం చల్లగా ఉంచే గది అది. నూకరాజు ఒక అట్టపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో మూసి ఉంది. ఫోన్ చేతిలో లేదు, ఫైళ్ళ బీరువాకి వేసిన తాళం వేసినట్టే ఉంది. చేతిలో ఒక గాజు పలక, దాని మీద పలచటి సెల్లు ఒకటి. వేలితో దాన్ని మెల్లగా తోస్తున్నాడు. బాగున్న సెల్లు గాజుకి అతుక్కుని కదలదు, పొంగినది గిర్రున తిరుగుతుంది. యంత్రం వారానికి పట్టే పొంగుని అతను ఆ పలక మీద మొదటిరోజే పట్టేస్తాడు.

"ఏం చేస్తున్నారిక్కడ?" అంది.

అతను తుళ్ళిపడి లేచాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, తప్పు చేసిన బడిపిల్లాడిలా నిలబడ్డాడు. "ఏటీ లేదు మేడమ్. సెల్లులు సూస్తన్నాను."

"ఒక్క సెల్లు, గంటసేపా? చూడండి నూకరాజు గారూ, నాకు కథలు చెప్పకండి. మీరు వేరే కంపెనీకి పోతున్నారు. కునుకు చెబుతోంది. అది అబద్ధం చెప్పదు."

"నానా?" అతను నోరు తెరిచాడు. "నానెక్కడికెల్తాను మేడమ్? ఈ వయసులో నన్నెవుడు పిలుస్తాడు?"

"మరి రోజూ పదకొండుకి ఇక్కడెందుకు దూరుతున్నారు?"

అతను చాలాసేపు గాజు పలక తుడిచాడు. "సెప్తే నవ్వుతారు. పెద్దాయన కారు పదకొండుకి గేటు కాడికొస్తాది. కీబోర్డు మీద ఒక్క అచ్చరం సరిగ్గా పడదు నాకు. ఆయన మా అంతస్తు దాటి పైకెల్లిపోయేదాకా ఈడ కూకుంటాను. అంతే మేడమ్. ఆ రోజు నుంచీ ఇంతే."

ఏ రోజని ఆమె అడగలేదు. అడగక్కర్లేదు. మూడు వారాల కిందట టెస్ట్ బల్ల మీద టిఫిన్ డబ్బా కనబడితే చక్రపాణి దాన్ని కాలితో తన్నాడు. అన్నం గోడ దాకా చిమ్మింది. అందరూ చూశారు. సువర్చలా చూసింది.

"తప్పు నాదే" అన్నాడు నూకరాజు. "ఆ బల్ల మీద డబ్బా ఎట్టకూడదు. కానీ మా ఆడది తెల్లారగట్ల లేచి వొండిన అన్నం మేడమ్ అది. ఆయన తంతే మీరేటన్నారు? రూలంటే రూలే అన్నారు."

"రూల్ రూలే" అంది సువర్చల, గొంతు కాస్త తగ్గి.

"అవును మేడమ్. మీరొచ్చినా అంతే కదా. మీ సెప్పుల సప్పుడు ఇనబడితే కింద సగం మంది బాత్రూమ్‌కి ఎల్లిపోతారు. ఎప్పుడూ సూడలేదేటి?"

ఆమె మొహం ఎర్రబడింది. తలుపు ధడాల్న వేసి తన గదికి వచ్చింది. వాడి పొగరు! దొరికిపోయి తిరిగి తనమీద రాయి వేస్తాడా? నూకరాజు ల్యాప్‌టాప్‌లోని కునుకుని తెరిచి, ఏ గుర్తు చూసి అది లేస్తోందో బయటికి లాగి వాడి మొహాన కొట్టాలనుకుంది.

బయటికి వచ్చిన జాబితాలో మొదటి గుర్తు ఒక్కటే కొండంత ఉంది. వైఫైలోకి ఫలానా ఫోన్ చేరడం. ఆ ఫోన్ గుర్తింపు నంబరు చక్రపాణిది. గేటు దగ్గర ఆ ఫోన్ ల్యాబ్ వైఫైలో చేరగానే నూకరాజు టైపింగ్ తడబడుతుంది, పావుగంటలో మనిషి లేస్తాడు. కునుకు చెప్పింది నిజమే. అతను పోబోతున్నాడు. ఎక్కడికో కాదు, ఒక మనిషి నుంచి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ సువర్చల పని సగంలో వదిలే మనిషి కాదు. ఎవరో ఒకరి ఫోన్ కోసం చూడమని ఈ కునుకుకి ఎవరు నేర్పారు? ల్యాబ్‌లో పెట్టకముందే, మొదటి పాఠంలోనే నేర్చుకుని ఉండాలి. అసలు ప్రతిని తెరిచింది. అక్కడా మొదటి గుర్తు అదే. ఒక ఫోన్ ఇంటి వైఫైలో చేరడం. నంబరు చివరి అంకెలు చూసి, తన ఫోన్ తీసి సరిచూసుకుంది. మళ్ళీ చూసింది. మూడోసారి అంకె అంకె వేలు పెట్టి చదువుకుంది.

స్కూటర్ పార్కింగ్‌లోకి రాగానే ఆమె ఫోన్ మొదటి అంతస్తులోని ఇంటి వైఫైని అందుకుంటుంది. ఆమె కింద వాచ్‌మన్‌ని తిడుతూ ఉండగానే పైన బ్యాటరీ నిండడం మొదలవుతుంది. ఆరువందల పద్నాలుగులో అయిదువందల ఎనభై సార్లు.

జాబితా చివరికంటా చూసింది. గాలి వేగం కూడా తనే ఇచ్చింది కదా, వాతావరణ శాఖ లెక్కల్లోంచి. దానికి కునుకు ఇచ్చిన విలువ సున్నా.

ఆ గదిలో ఒక్కతే కూర్చుని సువర్చల సిగ్గుతో కాలిపోయింది. ముందు భాస్కర్ మీద ఒళ్ళు మండింది. ఒక్క మాట చెప్పి ఏడవచ్చు కదా అనుకుంది. తరవాత, చెబితే తను ఏమనేదో ఆమెకే వినబడింది. ఆ రాత్రీ మర్నాడూ ఇంట్లో ఆమె నోరు విప్పలేదు. మామూలుగా తిట్టకపోయేసరికి తండ్రీకూతుళ్ళు ఇంకా బెదిరిపోయారు.

శుక్రవారం నాలుగింటికి చక్రపాణి గదిలో నూకరాజు తలుపు పక్కన నిలబడ్డాడు. కుర్చీ చూపించలేదు ఎవరూ. బల్ల మీద నోటీసు, దాని పక్కన సువర్చల సంతకానికి కాగితం.

"నేను సంతకం పెట్టను" అంది సువర్చల. "అతను ఎక్కడికీ పోవడం లేదు. మీ ఫోన్ గేటులోకి వస్తే అతని బ్యాటరీ లేస్తోంది. మిమ్మల్ని తప్పించుకోడానికి స్టోర్‌లో కూర్చుంటున్నాడు."

చక్రపాణి నవ్వాడు. నవ్వు చాలా చెడ్డగా ఉంది. "నన్ను చూసి పారిపోతున్నాడా? ఏరా నూకరాజూ, నేను పులినా ఏంట్రా?"

నూకరాజు నేల చూశాడు.

"రేపు మీ ఫోన్ ఇంట్లో వదిలి రండి. గీత లేవదు. అదే రుజువు" అంది సువర్చల.

"వీడి కోసం నా ఫోన్ ఇంట్లో వదలాలా? నీకు మతి ఉందా? అసలు మనిషి పోతాడనడానికి ఎవరిదో ఫోన్ గుర్తని నీ కునుకుకి ఎవరు చెప్పారు?"

ఇదిగో వచ్చింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి రెండు రోజుల నుంచీ తెలుసు. తెలియదు అంటే చాలు, తన పరువు తన దగ్గరే ఉంటుంది. నూకరాజు తల ఎత్తకుండా బొటనవేలితో నేల రాస్తున్నాడు.

"నేనే" అంది. "మా ఆయన మీద నేర్పాను. నేను ఇంటికొస్తున్నానంటే ఆయన లేచి మేడ మీదికి పోతాడు. మూడేళ్ళుగా. ఆ ఫోన్ నాది."

చక్రపాణి పగలబడి నవ్వాడు.

"అంటే మీ మొగుడూ పెళ్ళాల గొడవ మీద నా కంపెనీ కట్టావన్నమాట! నాకు చెప్పావా ముందు? తొంభై మూడు శాతం అని చంకలు గుద్దుకున్నావే, ఇదా ఆ తొంభై మూడు?"

"ఇదే."

"నేను నమ్మను. వీణ్ణి కాపాడడానికి కథలల్లుతున్నావు. సరే, నా ఫోన్ దాకా ఎందుకు, నీదే ఇక్కడ పెట్టు." తెర వైపు చూపించాడు. "మీ ఇంటి గీత కూడా ఇందులో వస్తుంది కదా. ఫోన్ లేకుండా రోజూ వెళ్ళే టైముకే వెళ్ళు. మొగుడికి ముందుగా చెప్పే వీల్లేదు. నువ్వు వెళ్ళేసరికి గీత రోజూలాగే లేచిందనుకో, నీ మాట అబద్ధం, వీడు దొంగ. లేవలేదనుకో, నోటీసు చించేస్తాను. నేను ఇక్కడే కూర్చుంటాను. నువ్వూ ఉండరా నూకరాజూ, చూద్దువుగాని నీ జాతకం."

సువర్చల ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. అయిదున్నరకి ఆమె బయల్దేరుతుంటే నూకరాజు రెండు చేతులూ జోడించాడు. ఆమెకి ఆ దండం చూస్తే ఒళ్ళు మండింది. "దండాలెందుకు, ఇంకా ఏం తేలిందని!" అని విసురుగా మెట్లు దిగింది.

ఎండాడలో ఇంటి దాకా స్కూటర్ మీద ఆమె ఒకటే లెక్క వేసుకుంది. గీత లేవకపోతే నూకరాజు బతుకుతాడు. గీత లేస్తే తను బతుకుతుంది. భాస్కర్ నిజంగానే ఆరింటికి గాలి కోసం లేచే మనిషని, ఫోన్ సంగతి యంత్రం పొరపాటని తేలుతుంది. రెండూ కావాలంటే కుదరదు. హైవే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, గీత లేవాలని తన మనసు కోరుకుంటోందని ఆమెకి తెలిసింది. నూకరాజు ఏమైనా సరే లేవాలని కోరుకుంటోంది. అది తెలిసి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆరూ అయిదు. ఆమె చోటులో మళ్ళీ అదే బైకు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఇప్పుడే తీయించీస్తానమ్మా" అని తిట్లకోసం నిలబడ్డాడు. ఆమె స్కూటర్ పక్కకి ఆపి, మాట్లాడకుండా మెట్లెక్కింది. చెప్పుల చప్పుడు కాకుండా ఎక్కుతోందని సగం మెట్ల దగ్గర గమనించుకుంది.

తలుపు ఓరగా ఉంది. లోపలి నుంచి నవ్వు వినబడుతోంది. ఎవరిదో ఒక్క క్షణం ఆమెకి తెలియలేదు. పదిహేనేళ్ళ కాపురంలో భాస్కర్ అలా గొంతు విప్పి నవ్వడం ఆమె ఎప్పుడు విందో గుర్తురాలేదు.

హాలు నిండా కాగితాలున్నాయి. సోఫా దిండ్లు నేల మీద ఉన్నాయి. కీబోర్డు పక్కన పకోడీల పళ్ళెం, దాని నూనె ఎవరిదో ప్లాన్ కాగితం మీదికి పాకింది. సాహితి తండ్రి కుర్చీలో మోకాళ్ళ మీద కూర్చుని మౌస్ పట్టుకుంది. పెద్ద మానిటర్ మీద ఎవరింటిదో ప్లాన్ ఉంది. పడగ్గది కిటికీలోంచి వంటింట్లోకి ఒక జారుడుబల్ల గీస్తోంది.

"ఇక్కడ నీళ్ళు పోయాలి నాన్నా, అప్పుడు అట్లు తినడానికి జారి వచ్చీవచ్చు!"

"మరి ఓనర్ గారు లావుగా ఉంటారు కదా, మధ్యలో ఇరుక్కుపోతే?"

"నువ్వు పైనుంచి తొయ్యి!"

ఇద్దరూ మళ్ళీ నవ్వులో పడ్డారు. సువర్చల గుమ్మంలో నిలబడిపోయింది. తెర మూలన ఆకుపచ్చ అంకె కదలకుండా ఉంది. యాభై అయిదు. తను లేనప్పుడు ఈ ఇల్లు ఇలా ఉంటుందన్నమాట. ఆమె ఎప్పుడూ చూడని ఇల్లు ఇది. చూడడానికి బాగుంది. లోపలికి ఒక్క అడుగు వేస్తే అది ఉండదని ఆమెకి తెలుసు. అయినా వేసింది. ఎక్కడికి పోతుంది మరి, తన ఇల్లే కదా.

సాహితి తల తిప్పి చూసింది. పిల్ల మొహంలో నవ్వు ఆరిపోయింది. తల్లిని చూసిన మరుక్షణం ఆ పిల్ల చూసింది మానిటర్ మూలకి.

"నాన్నా!" అంది గాభరాగా. "ఛార్జింగ్ ఎక్కలేదు కదా! అమ్మెలా వచ్చీసింది?"

భాస్కర్ లేచి నిలబడ్డాడు. అతని చెయ్యి అప్పటికే దిండ్లు ఎత్తుతోంది. పిల్ల కుర్చీ దిగి పుస్తకం వెతుక్కుంటోంది. ఏది ముందు దాచాలో ఇద్దరికీ బాగా వచ్చు, అభ్యాసం ఉంది. ఈసారి ముందుగా ఆ అయిదు నిమిషాలూ దొరకలేదు, అంతే.

"ఎప్పటి నుంచి?" అంది సువర్చల. "ఆ అంకె చూసి సర్దుకోవడం ఎప్పటి నుంచి?"

భాస్కర్ చేతిలో దిండు అలాగే ఉంది. "నువ్వది పెట్టిన వారానికే తెలిసిపోయింది" అన్నాడు. "యాభై ఆరు అవ్వగానే సాహితి కేకేస్తుంది. బాగా పనిచేస్తాది, సువర్చలా. నీ కునుకు ఒక్కసారి కూడా తప్పలేదు. ఇవాళే."

అతని ఫోన్ మోగింది. తీసి విని, "ల్యాబ్ నుంచి" అని ఆమెకి అందించాడు.

"మేడమ్!" నూకరాజు గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "కదల్లేదు మేడమ్! గీత అంగుళం కదల్లేదు! ఆరూ పది దాటీసింది, ఇంకా యాభై అయిదే! పెద్దాయన కాగితం చింపీసారు. కుర్సీలోంచి లేసి కిందికెల్లిపోయారు. మీ నోట మాట నిజమయిపోయింది మేడమ్!"

"మంచిది" అంది సువర్చల.

"మీ రుణం..."

"డబ్బా ఇకనుంచి నా గదిలో తినండి" అని ఫోన్ పెట్టేసింది.

తెర మూలన అంకె యాభై ఆరు అయింది. ఫోన్ అక్కర్లేకపోయింది ఈసారి. మౌస్ ఆగిపోవడం, కీబోర్డు మీద ఒక్క వేలూ పడకపోవడం దానికి చాలింది. యాభై ఏడు. భాస్కర్ చెయ్యి అలవాటుగా కేబుల్ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు కూర్చో" అంది సువర్చల. అది కూడా గద్దించినట్టే వచ్చింది. ఇంకోలా ఎలా అనాలో ఆమెకి తెలియలేదు. "ఆ జారుడుబల్ల పూర్తి చెయ్యండి. నేనే మేడ మీదికి వెళ్తాను."

వాళ్ళిద్దరూ అనుమానంగా చూస్తూ ఉండగా ఆమె బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. నాలుగు అంతస్తులు ఎక్కి, తుప్పు పట్టిన ఇనప తలుపు తోసింది. ఈ అపార్ట్‌మెంట్‌లోకి వచ్చి ఆరేళ్ళయినా మేడ మీదికి ఆమె రావడం ఇదే మొదటిసారి.

రెండు నీళ్ళ ట్యాంకుల మధ్య విరిగిన చేతి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఉంది. దాని ముందు ల్యాప్‌టాప్ పెట్టుకోవడానికి రెండు సిమెంటు ఇటుకలు. సముద్రం వైపు పక్క అపార్ట్‌మెంట్ గోడ ఎప్పుడో ఈ మేడకి పైన ఇంకో అయిదంతస్తులు లేచిపోయింది. ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. పగలంతా కాగిన సిమెంటు సెగ కాళ్ళకి తగులుతోంది. దండెం మీద ఎవరిదో చీర కొంగు కూడా కదలడం లేదు.

అక్కడ గాలి లేదు.